ఇసబెల్లా కాపురం అసలు ఎప్పుడు విరిగింది?

ప్రశ్న: ఇంగ్లండు రాజు రెండో ఎడ్వర్డ్ భార్య ఇసబెల్లా మీద గంటన్నర శ్రవ్య నాటకం రాస్తున్నాను. ఎక్కడ చదివినా ఒకటే కథ. పెళ్ళినాటి నుంచే భర్త ఆమెను పక్కన పెట్టాడు, ఆమె కుమిలిపోయింది, చివరికి మోర్టిమర్‌ను ప్రేమించి మొగుణ్ణి చంపించింది. మరి నలుగురు పిల్లలు ఎలా పుట్టారు? పదిహేడేళ్ళు ఎందుకు ఊరుకుంది? పెద్దకొడుకు తండ్రి ఎవరన్నదాని మీద కూడా ఏవేవో రాశారు. తేదీలు, డబ్బు లెక్కలు ఒక పుస్తకంలో ఉన్నట్టు ఇంకో పుస్తకంలో లేవు. నాటకానికి ఏ సంఘటనను ఆయువుపట్టుగా పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం:

1324 సెప్టెంబరు 18ని పెట్టుకోండి. ఆ రోజు ఎడ్వర్డ్ తన భార్య భూములన్నీ జప్తు చేయించాడు. అంతకు ముందు ఆ కాపురంలో చికాకులున్నాయి, అవమానాలున్నాయి, మధ్యలో దూరిన మనుషులున్నారు. అయినా కాపురం నడిచింది. జప్తు తర్వాత నడవలేదు. మీరు చదివిన కథలన్నీ 1326లో జరిగినదాన్ని వెనక్కి లాక్కెళ్ళి 1308 మీద పరిచినవి. ఆ దృష్టితో రాస్తే పన్నెండేళ్ళ పిల్ల మొదటి దృశ్యంలోనే పగబట్టిన ఆడదానిలా మాట్లాడుతుంది, శ్రోత నమ్మడు.

ముందు తేదీల చిక్కు తీర్చుకుందాం. ఆ కాలపు ఇంగ్లండులో కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. అందుకే 1308 ఫిబ్రవరి 25న జరిగిన పట్టాభిషేకం కొన్ని పాత రాతల్లో 1307 అని కనిపిస్తుంది. రెండూ ఒకటే. దివాణం కాగితాల్లోనైతే రాజు ఏలుబడి ఏడు వేస్తారు. రెండో ఎడ్వర్డ్ ఏడు జూలై 8న మొదలై మరుసటి జూలై 7న ముగుస్తుంది. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. తేదీ జూలై 8కీ డిసెంబరు 31కీ మధ్యదైతే ఏలుబడి సంఖ్యకు 1306 కలపండి. జనవరి 1కీ జూలై 7కీ మధ్యదైతే 1307 కలపండి. ‘18వ ఏడు, సెప్టెంబరు 18’ అంటే 18కి 1306 కలిపితే 1324. కొడుకు మూడో ఎడ్వర్డ్ ఏడు జనవరి 25న మొదలవుతుంది కాబట్టి అక్కడ 1326 కలపాలి, జనవరి మొదటి 24 రోజులకు మాత్రం 1327. ఈ లెక్క తెలియక ఒకే సంఘటనను రెండు వేర్వేరు సంవత్సరాల్లో రెండుసార్లు చెప్పినవాళ్ళున్నారు.

డబ్బు సంగతి. ఒక పౌండుకు 20 షిల్లింగులు, 240 పెన్నీలు. ‘మార్కు’ అన్నది నాణెం కాదు, లెక్కలో మాత్రమే ఉండే మొత్తం: 160 పెన్నీలు, అంటే పౌండులో మూడింట రెండు వంతులు. మార్కులని రాసి ఉన్నదాన్ని పౌండ్లుగా చదివితే మొత్తం ఒకటిన్నర రెట్లు పెరిగిపోతుంది. ఎక్కువ పుస్తకాలు తప్పేది ఇక్కడే. ఫ్రెంచి లెక్క మూడోది. తూర్ లీవ్ర్‌లు నాలుగైతే ఒక ఇంగ్లీషు పౌండు. ఇసబెల్లాకు ఒప్పుకున్న మనోవర్తి ఏడాదికి 18,000 తూర్ లీవ్ర్‌లు అని ఒకచోట, 4,500 పౌండ్లు అని ఇంకోచోట చూసి కంగారు పడకండి, రెండూ సమానమే. దీన్ని మాత్రం రూపాయల్లోకి మార్చకండి, ఆ అంకెకు అర్థం ఉండదు. ఆ కాలంలోని కొలతే వాడండి. కాలిబంటు విలుకాడికి రోజుకూలి రెండు పెన్నీలు. ఆ లెక్కన 4,500 పౌండ్లంటే దాదాపు 1,480 మంది విలుకాళ్ళకు ఏడాది పొడవునా ఇచ్చే జీతం. ఒక పాత్ర నోట ఈ ఒక్క మాట అనిపిస్తే చాలు, జప్తు ఎంత పెద్ద దెబ్బో శ్రోతకు తెలిసిపోతుంది.

ఇక చుట్టరికాలు. ఇవి తెలుగు శ్రోతలకు సులువుగా ఎక్కుతాయి, మీరు దీన్ని గట్టిగా వాడుకోవాలి. ఇసబెల్లా ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ కూతురు. ఫిలిప్ చెల్లెలు మార్గరెట్ ఎడ్వర్డ్ తండ్రికి రెండో భార్య. అంటే కొత్త కోడలికి మేనత్తే అత్తగారి వరుస అయింది. ఆ మేనత్త కొడుకులు థామస్, ఎడ్మండ్ ఎటు చూసినా మరుదులే. 1326లో ఆమె సైన్యంతో వచ్చినప్పుడు వీళ్ళిద్దరూ అన్నను వదిలి వదినగారి పక్షాన నిలిచారు. రాజును ఎదిరించే ప్రభువుల నాయకుడు లాంకాస్టర్ థామస్ ఆమె తల్లికి తల్లివైపు తమ్ముడు, ఆమెకు మేనమామ, ఎడ్వర్డ్‌కేమో బాబాయి కొడుకు. రాజు ఆంతరంగికులు ఇద్దరూ, ముందు గావెస్టన్, తర్వాత డిస్పెన్సర్, పెళ్ళాడింది ఎడ్వర్డ్ మేనకోడళ్ళను, అంటే ఇసబెల్లాకు ఆడపడుచు కూతుళ్ళను. ఇది రాజుకీ ప్రభువులకీ మధ్య పోరాటమని పాఠ్యపుస్తకాలు అంటాయి. దగ్గరగా చూస్తే ఒకే కుటుంబం ఆస్తి పంచుకోలేక కొట్టుకుంటోంది. మీ పాత్రల చేత బిరుదులు కాక వరసలు పలికిస్తే, పేర్లు గుర్తుపెట్టుకునే బరువు శ్రోతకు సగం తగ్గుతుంది.

1308 జనవరి 25న బూలోన్‌లో పెళ్ళి జరిగింది. వరుడికి 23, వధువుకు దాదాపు 12. ఈ సంబంధం నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ కోసం కుదిరింది. ఆ ప్రాంతం ఇంగ్లండు రాజుది, కానీ దానికి ఆయన ఫ్రాన్సు రాజుకు సామంతుడు. ఫ్రాన్సులో కొత్త రాజు గద్దెనెక్కిన ప్రతిసారీ మోకరిల్లి సామంత ప్రమాణం చెయ్యాలి. 1294లో గాస్కనీ మీదే యుద్ధం వచ్చింది, సంధిలో భాగంగా ఈ పిల్లను ఇస్తామన్నారు. ఈ ఒక్క విషయం మొదటి పది నిమిషాల్లోనే శ్రోతకు అందాలి. ఎందుకంటే ఆమె జీవితంలో వచ్చిన పెద్ద మలుపులు రెండూ, 1324, 1325, ఆ మోకరిల్లే దగ్గరే వస్తాయి.

పట్టాభిషేకం నాడు జరిగిన అవమానం నిజమే. గావెస్టన్‌ కిరీటం మోశాడు, ఆ విందులో గోడల మీది తెరల పైన రాజు చిహ్నం పక్కన రాణిది కాక గావెస్టన్ చిహ్నం ఉంది. ఆమె బాబాయిలు, వలవా చార్లెస్, ఎవ్రో లూయీ, మండిపడుతూ వెళ్ళిపోయారు. చార్లెస్‌ను మర్చిపోకండి, పదహారేళ్ళ తర్వాత మళ్ళీ అవసరపడతాడు. అయితే ఆ కోపం పెద్దవాళ్ళది. పుట్టింటివాళ్ళకు అసలు బాధ ఇంకోటి: పిల్లకు రాసిస్తామన్న మనోవర్తి భూములు ఇంకా రాయలేదు. ఫిలిప్ ఒత్తిడి మీద మే నెలలో ఉత్తర ఫ్రాన్సులోని పోంత్యూ సీమ ఆమె ఖర్చులకు ఇచ్చారు. పెళ్ళికూతురి నగలు తీసి గావెస్టన్‌కు పెట్టాడన్న మాట మీ నాటకంలో ఉంటే కొట్టేయండి. మామగారు తన అల్లుడికిచ్చిన కానుకల్ని, ఉంగరం, గుర్రాలు వగైరా, ఎడ్వర్డ్ ఇంగ్లండులో ఉన్న గావెస్టన్‌కు పంపాడని లండన్ వృత్తాంతం చెబుతోంది. కానుకలు అల్లుడివి, ఆమెవి కావు. దాచమని పంపాడో, వాడుకోమని పంపాడో అందులో లేదు. తర్వాతివాళ్ళు దాన్ని పెంచి రాణి నగలు చేశారు.

గావెస్టన్‌కూ ఎడ్వర్డ్‌కూ మధ్య ఉన్నది ఎలాంటి ప్రేమో తేల్చే పని నాటకానికి అక్కర్లేదు. అతను దగ్గరుంటే రాజుకు మిగతావాళ్ళు కనిపించరన్నది అందరూ చూసిన సంగతి. అది చూపిస్తే చాలు.

పెద్దకొడుకు తండ్రి ఎవరన్న ప్రశ్నకు క్యాలెండరు జవాబు చెబుతుంది. మూడో ఎడ్వర్డ్ పుట్టింది 1312 నవంబరు 13న, విండ్సర్‌లో. గర్భం నిలిచినప్పటి నుంచి పుట్టేదాకా సగటున 266 రోజులు. అది లీపు సంవత్సరం, వెనక్కి లెక్కిస్తే ఫిబ్రవరి 21 దగ్గరకు వస్తాం. ఆ రోజుల్లో రాజూ రాణీ ఇద్దరూ యార్క్‌లో ఉన్నారు. స్కాట్లండు వీరుడు విలియం వాలెస్ తండ్రి అన్న కల్పన సినిమాలకు పనికొస్తుంది గానీ, వాలెస్‌ను 1305 ఆగస్టులోనే చంపేశారు. అప్పటికి ఇసబెల్లా ఫ్రాన్సులో పదేళ్ళ పిల్ల. నలుగురు పిల్లల పుట్టుక మీద ఆనాటి శత్రువులు కూడా అనుమానం రాయలేదు. ఎడ్వర్డ్‌ను గద్దె దింపినప్పుడు వేసిన నిందల్లోనూ అది లేదు. మిగతా ముగ్గురికీ ఇదే పద్ధతి వాడండి: జాన్ 1316 ఆగస్టు 15, ఎలినార్ 1318 జూన్ 18, జోన్ 1321 జూలై 5. రాజు ఏ రోజు ఏ ఊళ్ళో ఉన్నాడో దివాణం ఉత్తర్వుల మీద ఊరి పేరు, తేదీ ఉంటాయి, వాటి సంగ్రహాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక హెచ్చరిక: ఉత్తర్వు మీద వెస్ట్‌మినిస్టర్ అని ఉన్నంత మాత్రాన రాజు అక్కడ ఉన్నట్టు కాదు, ముద్ర అక్కడ ఉందని మాత్రమే. రహస్య ముద్ర పడిన ఉత్తరాలు రాజుకు ఇంకాస్త దగ్గరగా తీసుకెళ్తాయి.

ఆ 1312లోనే టైన్‌మౌత్ దగ్గర పెద్ద పొరపాటు పొంచి ఉంది. టైన్‌మౌత్‌లో ఆమెను వదిలేసిన సంఘటనలు రెండు. మొదటిది 1312 మే. లాంకాస్టర్ తరుముకొస్తుంటే ఎడ్వర్డ్, గావెస్టన్ మే 5న పడవెక్కి స్కార్‌బరో వెళ్ళారు. ఆమె మూడో నెల గర్భిణి, నేలదారిన యార్క్ చేరింది, అక్కడే భర్తను కలుసుకుంది. కాళ్ళ మీద పడి ఏడ్చిందని ఒక సన్యాసి రాశాడు. ఆమె ఇంటి జమాఖర్చుల చిట్టాలో మాత్రం ప్రయాణం, మజిలీలు, ఖర్చులు మామూలుగానే ఉన్నాయి. జూన్ 19న గావెస్టన్ తల నరికారు. రెండోది 1322 అక్టోబరు. స్కాట్లు యార్క్‌షైర్ దాకా దూసుకొచ్చి బైలాండ్ దగ్గర రాజసైన్యాన్ని చెదరగొట్టారు. ఎడ్వర్డ్ తప్పించుకున్నాడు, రాణి మాత్రం ఉత్తరాన టైన్‌మౌత్‌లో చిక్కుకుపోయి సముద్రం మీద బయటపడింది. 1312లో భర్త పక్కన ఉన్నది గావెస్టన్, 1322లో డిస్పెన్సర్. ఈ రెండింటినీ కలిపేసి ఒకే ఏడుపు దృశ్యం రాస్తే కథకు ప్రాణమైన తేడా పోతుంది. మొదటిసారి ఆమె భర్తను క్షమించింది. రెండోసారి క్షమించినట్టు ఎక్కడా ఆనవాలు లేదు.

నాటకాల్లో ఎవరూ వాడని దృశ్యం ఒకటి మీకిస్తాను. 1313లో ఇద్దరూ ఫ్రాన్సు వెళ్ళారు, ఆమె అన్నదమ్ములకు వీరపట్టం కట్టే వేడుకకు. పోంత్వాజ్‌లో రాత్రి వాళ్ళ డేరాకు నిప్పంటుకుంది. ఎడ్వర్డ్ ఒంటి మీద బట్టలేకుండానే భార్యను చేతుల్లోకి ఎత్తుకుని బయటికి తెచ్చాడని పారిస్ వృత్తాంతకారుడు రాశాడు. ఆమె చేతికి కాలిన గాయాలయ్యాయి. పెళ్ళినాటి నుంచీ నరకమే అనేవాళ్ళు ఈ రాత్రిని ఎక్కడ పెడతారు? దీన్ని అయిదు నిమిషాలకు మించనివ్వకండి, కానీ తప్పకుండా ఉంచండి. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉందని తెలిస్తేనే తర్వాత పోయినప్పుడు బాధ తెలుస్తుంది.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ఆమె చేసింది మధ్యవర్తి పని. రాజుకూ మేనమామకూ మధ్య రాయబారం నడిపింది. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది 1321 ఆగస్టు. డిస్పెన్సర్ తండ్రీకొడుకులను దేశం నుంచి వెళ్ళగొట్టమని ప్రభువులు ఆయుధాలతో లండన్‌ను చుట్టుముట్టారు. రాజు ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే కిరీటం పోతుంది. నెల క్రితమే ప్రసవించిన రాణి అందరి ముందూ మోకాళ్ళ మీద పడి, ప్రజల కోసం వాళ్ళను పంపెయ్యమని వేడుకుంది. ప్రభువుల బెదిరింపుకు లొంగానని కాకుండా భార్య మాట కాదనలేకపోయానని చెప్పుకునే వీలు రాజుకు దొరికింది. ఆనాటి రాణి ఉద్యోగంలో ఇదొక భాగం, అందరికీ తెలిసిన లాంఛనం. దాన్ని ఆమె చక్కగా చేసింది. అక్టోబరులో కెంట్‌లో ప్రభువుల పక్షంవాడి లీడ్స్ కోట వాకిట్లో ఆమెను లోపలికి రానివ్వకపోతే ఎడ్వర్డ్ ఆ అవమానాన్నే కారణంగా చూపి ఆ నెల 31కల్లా కోట పట్టుకున్నాడు, ఆ ఊపులోనే ప్రభువుల మీదికి పోయాడు. 1322 మార్చిలో బరోబ్రిడ్జ్‌లో గెలిచి, ఆమె మేనమామ తల తీయించాడు. డిస్పెన్సర్‌లూ తిరిగొచ్చారు. భార్య తన చేతిలో ఆయుధంగా ఎంత పనికొచ్చిందో ఎడ్వర్డ్‌కు తెలుసు. ఆ తర్వాతి రెండేళ్ళలో మర్చిపోయాడు.

డిస్పెన్సర్ చిన్నవాణ్ణి రెండో గావెస్టన్‌గా రాయకండి. ఇద్దరికీ ఆకలి వేరు. గావెస్టన్‌కు ఆడంబరం కావాలి, ప్రభువులకు ఎగతాళి పేర్లు పెట్టి నవ్వేవాడు. డిస్పెన్సర్‌కు భూమి కావాలి. ఆయన భార్య ఎలినార్ అన్న గ్లోస్టర్ ప్రభువు 1314లో బానక్‌బర్న్ యుద్ధంలో సంతానం లేకుండా చనిపోయాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళకు ఆస్తి వాటాలేశారు. డిస్పెన్సర్ తన వాటా గ్లామోర్గన్‌తో ఆగక తోడల్లుళ్ళ వాటాల మీద కన్నేశాడు, చట్టాన్ని వంచి, మనుషులను చెరలో పెట్టి రాయించుకున్నాడు. 1320లో గవర్ సీమ మీద చెయ్యి వేయడంతోనే వేల్స్ సరిహద్దు ప్రభువులంతా తిరగబడ్డారు. అలాంటివాడు రాజు అంతఃపుర అధికారిగా కూర్చుంటే దేశంలోని పెద్ద భూస్వాముల్లో ఒకరిని ఎన్నాళ్ళు వదులుతాడు? ఆ భూస్వామి రాణి.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆనాటి ఇంగ్లండులో మామూలు భార్యకు సొంత ఆస్తి హక్కు దాదాపు లేదు, ఆమెది భర్తదే. రాణికి మాత్రం మినహాయింపు. ఆమె తన పేర భూములు ఉంచుకోవచ్చు, దావా వేయవచ్చు, సొంత ముద్ర, సొంత ఖజానాదారు, సొంత సలహామండలి ఉంటాయి. భూముల మీది అయివేజుకు తోడు ‘రాణి బంగారం’ అనే హక్కు ఉంది: ఎవరైనా రాజుకు ఏదైనా అనుగ్రహం కోసం తమంతట తాము 10 మార్కులు గానీ అంతకు మించి గానీ చెల్లిస్తామని ఒప్పుకుంటే, దాని మీద పదో వంతు అదనంగా రాణికి కట్టాలి. ఈ డబ్బుతోనే పరివారానికి జీతాలు, బట్టలు, గుర్రాలు, దానధర్మాలు, ఉత్తరాలు మోసే మనుషులు. భూములు తీసుకుంటే నగల ఖర్చు తగ్గదు, ఆమె మాట వినే మనుషులు పోతారు.

1323లో గాస్కనీలోని సాన్-సార్దోలో ఫ్రెంచివాళ్ళు కోట ఊరు కట్టబోతే ఇంగ్లండు పక్షం స్థానిక ప్రభువు దాన్ని తగలబెట్టి ఫ్రెంచి అధికారిని ఉరితీశాడు. ఎడ్వర్డ్ కొత్త ఫ్రాన్సు రాజుకు, అంటే ఇసబెల్లా అన్నల్లో చివరివాడైన నాలుగో చార్లెస్‌కు, సామంత ప్రమాణం చెయ్యడం వాయిదా వేస్తూ వచ్చాడు. 1324లో చార్లెస్ గాస్కనీని స్వాధీనం చేసుకోమని సైన్యం పంపాడు. సైన్యాధిపతి ఎవరు? పట్టాభిషేకం నాడు అలిగి వెళ్ళిన బాబాయి, వలవా చార్లెస్. భర్త దేశానికీ పుట్టింటికీ యుద్ధం. ఫ్రెంచివాళ్ళు తీరం మీద దిగవచ్చన్న సాకుతో సెప్టెంబరు 18న రాణి భూములు రాజు చేతికి వచ్చాయి. ఆమె దగ్గరున్న ఫ్రెంచి పరివారాన్ని తొలగించారు, కొందరిని నిర్బంధించారు. ఆమెకు రోజువారీ భత్యం లెక్కగట్టి ఇవ్వడం మొదలైంది. ఈ సలహా ఇచ్చింది ఎక్సెటర్ బిషప్ స్టేపుల్డన్ అని లోకం నమ్మింది. 1326 అక్టోబరు 15న లండన్ గుంపు ఆయన్ను గుర్రం మీంచి లాగి తల నరికినప్పుడు ఈ కోపం కూడా అందులో ఉంది.

పిల్లలను ఆమె నుంచి లాక్కున్నారన్న మాట జాగ్రత్తగా వాడండి. రాజబిడ్డలు వేరే ఇళ్ళలో, వేరే సంరక్షకుల దగ్గర పెరగడం అప్పటి మామూలు. ఏడుపు కోసం ఆ దృశ్యం రాయాల్సిన పని లేదు. పదహారేళ్ళుగా తన దగ్గర పనిచేసినవాళ్ళను శత్రుదేశస్థులని లెక్కగట్టి పంపేస్తుంటే ఆ జాబితా చదివి వినిపించండి. శ్రవ్య నాటకంలో జాబితాకు ఉన్న బలం ఏడుపుకు లేదు.

ఇలా అయ్యాక ఆమెను ఫ్రాన్సుకు పంపడమేమిటని మీరు అడుగుతారు. 1325 మార్చిలో, అన్నతో సంధి మాట్లాడడానికి, రాజే పంపాడు, పోపు ప్రోత్సాహం కూడా ఉంది. వెళ్ళేటప్పుడు ఆమె డిస్పెన్సర్‌తో మర్యాదగా వీడ్కోలు చెప్పింది. అక్కడి నుంచి మార్చి 31న భర్తకు రాసిన ఉత్తరంలో ప్రాణప్రియమైనవాడా అన్న ధోరణిలో పదే పదే సంబోధించింది. నటనా, నిజమా? రెండు విధాలా వాదించేవాళ్ళున్నారు. నా అభిప్రాయంలో ఆమె ఇంకా బేరం చేస్తోంది. భూములు తిరిగి వస్తే, డిస్పెన్సర్ పోతే, తిరిగి వెళ్ళే ఉద్దేశం అప్పటికి ఉంది. ఈ దృశ్యాన్ని ఆ అనుమానంతోనే ఆడించండి, నటికి మంచి పని దొరుకుతుంది.

ఆమెకు దారి ఇచ్చింది మళ్ళీ ఆ సామంత ప్రమాణమే. సంధి ప్రకారం ఎడ్వర్డ్ స్వయంగా వచ్చి మోకరిల్లాలి. ఆయన వెళ్తే వెనక డిస్పెన్సర్‌ను ఇంగ్లండులో చంపేస్తారు. వెంట తీసుకెళ్తే ఫ్రాన్సులో చంపేస్తారు. ఆగస్టు నెలాఖరుకు డోవర్ దగ్గర మఠం దాకా వచ్చి, ఒంట్లో బాగాలేదని ఆగిపోయాడు. మూడో దారి వెతికారు: గాస్కనీ, పోంత్యూ కొడుకు పేర రాసి, కొడుకు చేత మోకరిల్లించడం. సెప్టెంబరు 12న పన్నెండేళ్ళ యువరాజు ఓడ ఎక్కాడు, 24న వాన్‌సెన్ కోటలో మేనమామ ముందు ప్రమాణం చేశాడు. గాస్కనీ నిలబడింది, కానీ సింహాసనానికి వారసుడు తల్లి చేతిలో ఉన్నాడు. పెళ్ళి కాని వారసుడు, అంటే ఏ రాజ్యంతోనైనా సంబంధం కుదుర్చుకోగల మూలధనం. ఎడ్వర్డ్ చేసిన తప్పులన్నిటిలో పెద్దది ఇదే. డిస్పెన్సర్ ప్రాణం కాపాడుకోవడానికి చేసిన తప్పు.

ఆ తర్వాతే ఆమె నోరు విప్పింది. తనకూ తన భర్తకూ మధ్య ఒకడు దూరి ఈ బంధాన్ని తెంచాలని చూస్తున్నాడని, వాడు తొలగేదాకా తిరిగి రానని, అంతవరకూ వితంతువు దుస్తుల్లో ఉంటానని చెప్పినట్టు ఆ కాలంలోనే రాసిన ఒక వృత్తాంతం చెబుతోంది. గమనించండి, ఆమె అడిగింది విడాకులు కాదు. పోవాల్సింది భర్త కాదు, మధ్యలోవాడు. ఎడ్వర్డ్ డిసెంబరు 1న రాసిన జవాబులో హ్యూ (డిస్పెన్సర్) నిన్ను ఎప్పుడూ గౌరవించాడే, నువ్వూ స్నేహంగానే ఉన్నావే, ఇప్పుడేమిటిది అని నిజంగానే తెల్లబోయినట్టు ఉంటుంది. ఆ ఉత్తరం ఇంగ్లీషులో దొరుకుతుంది, మీ నాటకంలో సగం సంభాషణ అందులోనే ఉంది.

ఇక మోర్టిమర్. తిరగబడ్డ వేల్స్ సరిహద్దు ప్రభువుల్లో ఒకడు, ఖైదులో ఉండి 1323 ఆగస్టు 1న లండన్ టవర్ నుంచి తప్పించుకుని ఫ్రాన్సు చేరినవాడు. ఇద్దరూ దగ్గరయ్యారన్న మాట 1325 చివర్లో, 1326 మొదట్లో వినబడుతుంది. అంటే జప్తు జరిగి ఏడాదికి పైగా అయ్యాక. మోర్టిమర్‌ను ఆమే టవర్ నుంచి తప్పించిందన్నది తర్వాతి ఊహ, ఆధారం లేదు. ప్రేమ వల్ల కాపురం విరగలేదు, విరిగిన కాపురంలోకి ప్రేమ వచ్చింది. ఈ వరుస తారుమారు చేస్తే నాటకం మొత్తం తారుమారవుతుంది.

దండయాత్రను త్వరగా దాటించండి. 1326 ఆగస్టులో హైనో (ఇప్పటి బెల్జియం వైపు) ప్రభువు కూతురు ఫిలిప్పాకు కొడుకును ఇస్తానని ఒప్పందం, బదులుగా ఓడలూ మనుషులూ. సెప్టెంబరు 24న సఫోక్ తీరాన దిగింది, వెంట సుమారు 1,500 మంది. రాజు కోసం పోరాడడానికి దాదాపు ఎవరూ రాలేదు. నవంబరు 16న వేల్స్‌లో ఎడ్వర్డ్ పట్టుబడ్డాడు, 24న హెరెఫోర్డ్‌లో డిస్పెన్సర్‌ను చంపారు. 1327 జనవరి 25 నుంచి మూడో ఎడ్వర్డ్ ఏలుబడి మొదలు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. మధ్యలోవాడు పోయాడు కదా, మరి భార్య భర్త దగ్గరికి వెళ్ళాలి. ఆమె మాటే ఆమెకు ఎదురు తిరిగింది. వెళ్ళనక్కర్లేదని పెద్దలు, బిషప్పులు నిర్ణయించారు, ఆమె చెరలో ఉన్న భర్తకు కానుకలు పంపుతూ ఉండిపోయింది. బర్క్‌లీ కోటలో ఆయన ఖర్చుకు రోజుకు 5 పౌండ్లు మంజూరయ్యాయి. సెప్టెంబరు 21న చనిపోయాడన్న వార్త 23 రాత్రికి లింకన్‌లో కొడుక్కి చేరింది. కాల్చిన ఇనుప కడ్డీ కథను పెట్టకండి. అది తర్వాత పుట్టి, ఎడ్వర్డ్‌ను పుణ్యపురుషుణ్ణి చెయ్యాలనుకున్నవాళ్ళ రాతల్లో పెరిగింది. ఆయన తప్పించుకుని ఇటలీలో బతికాడని చెప్పే ఒక ఉత్తరం కూడా ఉంది, చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. లింకన్‌లో వార్త వినిపించడంతో దృశ్యం ఆపితే రెండు పక్షాలకూ న్యాయం చేసినట్టవుతుంది.

ఆమె మీద సానుభూతి ఎంత ఉన్నా ఒక అంకెను దాచకండి. అధికారం చేతికి రాగానే, 1327 ఫిబ్రవరిలో, తన మనోవర్తిని ఏడాదికి 20,000 మార్కులు చేసుకుంది. పౌండ్లలో 13,333. పాత మొత్తానికి దాదాపు మూడింతలు. డిస్పెన్సర్‌లో ఆమె ఏది ద్వేషించిందో అదే మూడేళ్ళు తానూ మోర్టిమరూ చేశారు. 1330 మార్చిలో అన్న బతికే ఉన్నాడని నమ్మిన మరిది ఎడ్మండ్‌కు మరణశిక్ష పడింది. అదే ఏడు అక్టోబరు 19 రాత్రి, ఇంకా పద్దెనిమిది నిండని కొడుకు మనుషులను వెంటేసుకుని నాటింగ్‌హామ్ కోటలో మోర్టిమర్‌ను పట్టుకున్నాడు. నవంబరు 29న టైబర్న్‌లో ఉరితీశారు.

ఆ తర్వాత ఆమె పిచ్చిపట్టి కోటలో బందీగా ఉందన్నది అబద్ధం. ఏడాదికి 3,000 పౌండ్లు ఇచ్చారు, కొన్నేళ్ళకు అది పెరిగింది. నార్ఫోక్‌లోని కాసిల్ రైజింగ్‌లో దర్జాగా ఉంది, అతిథులను పిలిచింది, 1358 ఆగస్టు 22న హెర్ట్‌ఫోర్డ్‌లో చనిపోయింది. ఫ్రాన్సు తోడేలు అన్న పేరు మీ పాత్రలెవరూ పలకకూడదు. ఆ తిట్టు ఆమెకు తగిలింది 1757లో, ఒక కవి చేతుల మీదుగా.

తొంభై నిమిషాలను ఇలా కోయండి. 1308కి 12. యార్క్, మొదటి టైన్‌మౌత్‌కు 13. పోంత్వాజ్‌కు 5. 1321 మోకరిల్లడం, లీడ్స్ కోటకు 12. రెండో టైన్‌మౌత్‌ను కలుపుకుని జప్తుకు 15. వీడ్కోలు, వాన్‌సెన్, ఉత్తరాలకు 20. దండయాత్ర నుంచి లింకన్ దాకా 8. మిగిలేవి అయిదు నిమిషాలు. వాటిని ఉరికంబానికి ఇవ్వకండి. 1330 డిసెంబరు 1న ఆమె తన భూములన్నీ కొడుకుకు అప్పగించింది. ఆ అప్పగింత పత్రాన్ని గుమాస్తా చదువుతుంటే ఆమె చేత ఒక్కొక్క సీమకూ ఔననిపించండి.